వడ్డించేవాడు మనవాడైతే

మిలాన్ మెట్రో పటం మీద ఆకుపచ్చగా కనిపించే రెండవ మార్గం తూర్పు దిక్కున నగరాన్ని వదిలి పొలాల మధ్యకు సాగిపోతుంది. జెస్సాతె వైపు వెళ్ళే బండి ఎక్కి కూర్చుంటే, చివరి స్టేషనుకు కాస్త ముందు గొర్గొంజోలా అన్న పలక కనబడుతుంది. మర్తెసానా కాలువ పక్కనున్న చిన్న ఊరు. బందరు లడ్డు, కాకినాడ కాజా, ఆత్రేయపురం పూతరేకుల్లాగే ఇక్కడా ఊరి పేరే తినుబండారానికి పేరయింది. ఒక్క తేడా ఉంది. నీలి చారల ఆ చీజ్ తయారీకి ఇవాళ కేంద్రం ఈ ఊరు కాదు, పడమట పీడ్మాంట్ ప్రాంతంలోని నొవారా. తయారీదారుల సంఘం 1970లో ఏర్పడినదీ అక్కడే. 1996లో యూరోపియన్ సమాఖ్య దీని పేరుకు రక్షణ కల్పించింది. పీడ్మాంట్, లొంబార్డీ ప్రాంతాలలోని నిర్ణీత జిల్లాలలో, అక్కడి ఆవుపాలతో చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. పేరు ఒక ఊరిది, పని మరొక ఊరిది.

పూర్వం దీనిని గొర్గొంజోలా స్త్రక్కీనో అనేవారు. లొంబార్డీ మాండలికంలో ఆ మాటకు మూలం ‘అలసిన’ అనే అర్థమిచ్చే పదమని చెబుతారు. వేసవంతా ఆల్ప్స్ కొండల మీద మేసిన మందలు చలికాలానికి ముందు మైదానానికి దిగివస్తూ ఇటువంటి ఊళ్ళలో మజిలీ చేసేవి. నడిచి నడిచి అలసిన ఆవుల పాలతో చేసినది కనుక ఆ పేరు. ఒక ప్రేమకథ కూడా ప్రచారంలో ఉంది. ప్రియురాలి ధ్యాసలో పడిన పనివాడొకడు సాయంత్రం విరిచిన పాలముద్దను అట్లాగే వదిలి వెళ్ళి, మరునాడు ఉదయం గుట్టు బయటపడకుండా తాజా ముద్దను దానితో కలిపివేశాడట. కొన్ని వారాలకు కోసి చూస్తే లోపల నీలి బూజు! కథలో నిజమెంతో గాని, ఒకనాటి పద్ధతి మాత్రం ఇంచుమించు అదే. సాయంత్రపు ముద్ద చల్లారి గట్టిపడేది, ఉదయపుది వెచ్చగా మెత్తగా ఉండేది. రెండూ పూర్తిగా అతుక్కోక నడుమ సందులు మిగిలేవి. ఆ సందులలో గాలి, ఆ గాలితో బూజు.

ఇప్పుడు అంతా దైవాధీనం కాదు. పాశ్చరైజ్ చేసిన పాలలో పెనిసిలియం రోకెఫోర్తి అనే బూజు బీజాలను ముందుగానే కలుపుతారు. పాలు విరిచి, అచ్చులలో నింపి, ఉప్పు పట్టించి, చల్లని గదులలో ఉంచుతారు. కొన్ని వారాలయ్యాక ఆ చక్రాలను లోహపు సూదులతో రెండు వైపులా పొడుస్తారు. ఆ రంధ్రాల గుండా గాలి చేరగానే నిద్రాణమైన బూజు మేల్కొని నీలి ఆకుపచ్చ చారలుగా పాకుతుంది. పాలలోని కొవ్వును అది విడగొట్టినప్పుడు పుట్టే పదార్థాల వల్లనే ఆ విశిష్టమైన వాసన. పెన్సిలిన్ మందు దీని దాయాది బూజు ఇచ్చిన వరమే గాని దీనిది కాదు. కనుక ఇది తింటే జ్వరం తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర లేదు.

ఇందులో రెండు రకాలు. పిక్కాంతె అనేదాన్ని కనీసం 80 రోజులు మాగబెడతారు. గట్టిగా, పొడిపొడిగా, ముక్కుకు తగిలే ఘాటుతో ఉంటుంది. రెండవది డోల్చె. దీనికి 50 రోజులు చాలు. చారలు తక్కువ, తెలుపు ఎక్కువ. అంచు కోస్తే మధ్యభాగం మీగడలా మెల్లగా జారుతుంది. కొన్ని దుకాణాలలో దీన్ని కత్తితో కాక గరిటెతో తీసి ఇస్తారు. డోల్చె అంటే తీయనిదని అర్థం. అయితే ఇది తీపి కాదు. మన ఊళ్ళలో ఫలానా బావి నీళ్ళు తియ్యగా ఉంటాయంటామే, ఆ తియ్యదనమన్నమాట. ఉప్పు మితంగా, ఘాటు దూరంగా, పాలరుచి దగ్గరగా ఉంటుంది. బూజు చీజ్ అనగానే ముఖం తిప్పుకునేవారికి మొదట పరిచయం చేయవలసినది ఇదే.

వడ్డనలో మొదటి నియమం: ఫ్రిజ్ నుండి తీసి నేరుగా పళ్ళెంలో పెట్టరాదు. చల్లగా ఉన్నప్పుడు దానికి ఉప్పదనం తప్ప వేరే మాట రాదు. అరగంట, ముప్పావు గంట బయట ఉంచితే కొవ్వు మెత్తబడి రుచి విచ్చుకుంటుంది. పైనున్న గరుకు పెంకు తినేది కాదు, తీసివేయాలి. మనిషికి నలభై యాభై గ్రాములు చాలు. నాలుగైదు రకాల చీజ్ వరసగా పెట్టినప్పుడు నీలిదాన్ని చివరన ఉంచాలి, దాని కత్తి దానికే ఉండాలి. లేకపోతే పక్కవాటన్నింటికీ దాని వాసనే అంటుతుంది. తోడుగా అక్రోటు గింజలు, చెస్ట్‌నట్ తేనె, అన్నిటికీ మించి పియర్ పండు. చీజ్‌తో పియర్ ఎంత బాగుంటుందో రైతుకు తెలియనీయవద్దని ఇటలీలో ఒక సామెత ఉంది. పాలూ అతనివే, పండూ అతనిదే, ఆ రెండింటి కలయిక రుచి మాత్రం అతనికి దక్కకూడదట! సామెతలు ప్రజల వివేకమంటారు గాని, కొన్ని సామెతలు భూస్వాముల వివేకం కూడా.

వంటలో కూడా ఒకటే సూత్రం, మంట తగ్గించడం. ఉడుకు తగిలితే కొవ్వు విడిపోయి నూనె తేలుతుంది, పరిమళం గాలిలో కలిసిపోతుంది. నలుగురికి ఎనిమిది వందల గ్రాముల న్యొక్కి, అంటే బంగాళాదుంప ముద్దలు, ఉడికించుకునేటప్పుడు పక్క పొయ్యి మీద నూరు మిల్లీలీటర్ల పాలు వెచ్చచేసి, రెండు వందల గ్రాముల డోల్చెను ముక్కలుగా అందులో వేసి, సన్నని సెగ మీద కలుపుతూ ఉంటే రెండు నిమిషాలలో సాస్ సిద్ధం. ఉప్పు వేయకూడదు, మిరియాలు చాలు. న్యొక్కి పైకి తేలగానే తీసి అందులో దొర్లించడమే. రిసొట్టోలోనైతే అన్నం ఉడికి పొయ్యి ఆర్పిన తరువాతనే దీన్ని కలపాలి. ఇక ఉత్తర ఇటలీ పల్లెల అసలు జోడీ పొలెంతా. మరిగే నీటిలో మొక్కజొన్న పిండి పోస్తూ, కర్రతో ముప్పావు గంట తిప్పి, వేడివేడిగా పళ్ళెంలో పెట్టి, నడుమ గుంట చేసి అందులో ఒక ముద్ద డోల్చె వేస్తారు. అది దానంతటదే కరుగుతుంది. రాయలసీమ వాళ్ళకు ఇంతకన్నా వివరం అక్కరలేదు. అది సంకటి. గుంటలో నెయ్యికి బదులు చీజ్, అంతే.

ఇంతవరకూ వంటల పుస్తకంలో దొరికే సంగతులే. ఈ చీజ్ గురించి నేను రాయదలచినది మా నాన్న ఇక్కడ గడిపిన రెండు నెలల వల్ల.

అమ్మ పోయిన ఏడాదికి, సాంవత్సరికం ముగిశాక, నాన్నను ప్రొద్దుటూరు నుండి మిలాన్‌కు తీసుకువచ్చాను. ఆయన తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైనవారు. డెబ్భయ్ ఆరేళ్ళు. జన్మలో మాంసం, గుడ్డు ముట్టనివారు. అమ్మ వెళ్ళిపోయినప్పటి నుండి ఆయనకు అన్నం మీద ధ్యాస పోయింది. పప్పన్నం రెండు ముద్దలు తిని, ‘చాలు, ఆకలి లేదు’ అని లేచేవారు. ఒంటి మీద చొక్కా నెలనెలకూ వదులవుతోంది. నేను గమనించినదొకటే. పెరుగు మీద మీగడ కనబడితే ఆయన చెయ్యి కొంచెం ఆగేది. అమ్మ రోజూ ఆ మీగడ తీసి ఆయన అన్నంలో వేసేది.

వచ్చిన మొదటి వారంలోనే, అక్టోబరు సాయంత్రం ఒకటి, నేను డోల్చెను పొట్లం విప్పి బల్ల మీద పెట్టాను. ఆయన వచ్చి కూర్చుని చూశారు. పక్కకు జారుతున్న ఆ తెల్లదనాన్ని చూసి, ‘ఇదేమి, జున్నా?’ అని అడిగారు. చీజ్‌ను మనం జున్ను అని తర్జుమా చేసుకుంటాము గాని మన జున్ను వేరు కదా. ఈనిన ఆవు తొలిపాలతో, బెల్లంతో చేసేది. ఆ తేడా చెప్పాను. చారల సంగతి చెబితే నవ్వి, ‘బూజుకు ఏముందిలే, ఊరగాయ జాడీలో ఏటేటా చూసేదే’ అన్నారు. చాలా రోజుల తరువాత ఆయన ముఖంలో తినాలన్న కుతూహలం చూశాను.

అప్పుడు ఇంట్లో నాతో పాటు ఒక మిత్రుడున్నాడు. ఆయన వంటగదిలోకి వచ్చి నెమ్మదిగా అన్నాడు. ‘మాస్టారికి పెట్టెయ్. ఏమీ చెప్పకు. ఆయన తింటే అదే పదివేలు. అందులో ఉన్నది కంటికి కనబడేదా, నాలుకకు తెలిసేదా?’

ఆ కనబడనిది రెన్నెట్. పాలను గడ్డకట్టించే పదార్థం. గొర్గొంజోలా నియమావళిలోనే అది దూడ నుండి తీసినదై ఉండాలని ఉంది. ఇంకా తల్లిపాలు తప్ప వేరే మేత ఎరుగని దూడ నాలుగవ పొట్టలో కైమోసిన్ అనే ఎంజైము ఉంటుంది. పాలు కడుపులో గడ్డకట్టి నెమ్మదిగా జీర్ణమయ్యేందుకు ప్రకృతి చేసిన ఏర్పాటు అది. పాలలోని కేసీన్ కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా కాపాడే పొర ఒకటుంటుంది. కైమోసిన్ దాన్ని కత్తిరించినట్లు తీసివేస్తుంది. అప్పుడు కణాలన్నీ కలిసి గడ్డ అవుతాయి. మాంసం కోసం వధించిన దూడ పొట్ట నుండి ఆ ఎంజైమును తీస్తారు. వందల లీటర్ల పాలకు కావలసినది అత్యల్పం. పార్మిజానోకూ ఇదే నియమం. మన పనీరుకు ఈ గొడవ లేదు. నిమ్మరసమో, విరిగిన పాలనీళ్ళో చాలు.

మిత్రుడి మాటలో దయ లేదని అనలేను. శుష్కించిపోతున్న తండ్రి ముందు ఒక తినే వస్తువు, నడుమ అడ్డంగా ఒక్క వాక్యం. ఆ వాక్యం చెప్పకపోతే ఆయన తింటారు. తరువాత ఎప్పటికీ ఆయనకు తెలియదు కూడా. కాని ఆయన నా ఇంట, నా చేతి అన్నం తినడానికి కూర్చున్నారు. ఈ దేశంలో ఆయన డబ్బాల మీది అక్షరాలు చదవలేరు. ఏది తినవచ్చో, ఏది కాదో ఆయనకు తెలియడానికి నేను తప్ప వేరే దారి లేదు. అటువంటి మనిషి దగ్గర మౌనంగా ఉండడం అబద్ధమాడడం కన్నా సులువు, అంతకన్నా హీనం.

చెప్పాను. రెన్నెట్ ఏమిటో, ఎక్కడి నుండి వస్తుందో, ఎంత వేస్తారో, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నారు. పాలు ఎట్లా గడ్డకడతాయో రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ‘జున్నుపాలు గూడా దూడ నోటికాడినుంచి తీసుకున్నవే. అది తిన్నాం, బాగుందన్నాం. పాపం లేదని నేను చెప్పను. కానీ దాని కడుపు దాకా పోలేను. అట్లయితే నాకొద్దు. మీరు తినండి’ అన్నారు. ఆ మాటలో కోపం లేదు, మమ్మల్ని తక్కువ చేసినదీ లేదు. ఎక్కడ గీత గీసుకోవాలో ఆయనకు తెలుసు, ఆ గీత కొంచెం వంకరగా ఉందనీ తెలుసు. అయినా అది ఆయన గీత.

మరునాడు నేను అర లీటరు చిక్కని క్రీము తెచ్చాను. మస్కర్పోనె అని లొంబార్డీదే మరొకటి ఉంది, తిరమిసులో వాడేది. దీనికి రెన్నెట్ అక్కరలేదు, ఆమ్లంతోనే గడ్డకడుతుంది. క్రీమును ఎనభై అయిదు, తొంభై డిగ్రీల దాకా వేడిచేసి, ఒక పెద్ద చెంచాడు నిమ్మరసం పోసి, కొద్ది నిమిషాలు తిప్పి, చల్లారాక గుడ్డలో వడగట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. నాన్న పొయ్యి పక్కనే నిలబడి చూశారు. ‘ఇది మనం పాలు విరగ్గొట్టినట్టే కదా’ అన్నారు. గుడ్డ మూట ఆయనే కట్టారు. పొద్దున విప్పితే తెల్లని, చిక్కని మీగడ. మిలాన్ దుకాణాలలో గొర్గొంజోలాను, మస్కర్పోనెను పొరలు పొరలుగా పేర్చి అమ్ముతారు. అవి ఒకే పళ్ళెంలో కూర్చోగలిగిన చుట్టాలే.

ఆ ఆదివారం నలుగురు అతిథులు వచ్చారు. మిత్రుడు, గర్భవతి అయిన ఆయన భార్య, కింది అంతస్తులో ఉండే ఇటాలియన్ వృద్ధ దంపతులు. పొలెంతా వండాను. మెత్తని నీలి చీజ్‌లో లిస్టీరియా అనే క్రిమి ఉండే ప్రమాదం ఉంది కనుక గర్భిణులు పచ్చిగా తినరాదని వైద్యులు చెబుతారు. పొగలు వచ్చేదాకా వేడిచేస్తే భయం లేదు. అందువల్ల ఆ అమ్మాయి పళ్ళెంలోనిది ఓవెన్‌లో బుసబుస పొంగేదాకా ఉంచి తీశాను. మంట గురించి నేను పైన చెప్పిన సూత్రం అక్కడ పక్కన పెట్టాను. రుచి ఒక మెట్టు దిగినా ఫరవాలేదు. నాన్న పియర్ పండ్లు కోశారు. తరువాత ఎవరూ చెప్పకుండానే లేచి, గరిటె అందుకుని, అందరికీ తానే వడ్డించారు. తాను తినని చీజ్‌ను ఒక్కొక్కరి సంకటి గుంటలో పెడుతూ, ‘ఇంకొంచెం?’ అని అడుగుతూ బల్ల చుట్టూ తిరిగారు. ఆ భాష రాని దంపతులకు కూడా ఆ ప్రశ్న అర్థమయింది. చివరకు తన పళ్ళెంలో సంకటి, దాని మీద మస్కర్పోనె, పక్కన పియర్, అక్రోటు, తేనె పెట్టుకుని కూర్చున్నారు. సంకటి రెండవసారి వేసుకున్నారు. నేను చూడనట్లు తల దించుకున్నాను.

ఆ రాత్రి ఆయనకు మంజోని నవల ‘ఇ ప్రొమెస్సి స్పోసి’ సంగతి చెప్పాను. అందులో కథ 1628లో మొదలవుతుంది. మిలాన్‌లో అల్లర్లలో చిక్కుకున్న రెంజో అనే యువకుడు భటుల నుండి తప్పించుకుని పారిపోతూ, గొర్గొంజోలా చేరేలోగా దారిలో ఒక ముసలమ్మ ఇంట ఆగుతాడు. ఆమె స్త్రక్కీనో పెడుతుంది, మంచి వైన్ కూడా ఇవ్వబోతుంది. అతడు చీజ్ పుచ్చుకుని వైన్ వద్దంటాడు. ముందటి రాత్రి ఆ వైన్ వల్లనే అతడికి కష్టాలు వచ్చాయి. నాన్న విని, ‘ఇచ్చేది ఏమిటో చూపించి ఇచ్చింది. అందుకే అతడు ఒకటి తీసుకోగలిగినాడు, ఒకటి వద్దనగలిగినాడు’ అన్నారు. తెలుగు పండితుడు కనుక పాఠం చెప్పకుండా ఉండలేరు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. దాన్ని మనం ఎప్పుడూ పలుకుబడి గురించిన మాటగానే వాడుతాము. మనవాడు గరిటె పట్టుకుంటే మనకు గారె ఒకటి ఎక్కువ పడుతుందని. ఆ ఆదివారం తరువాత నాకు అది వేరుగా వినిపిస్తోంది. గరిటెలో ఉన్నది ఏమిటో చెప్పేవాడు మనవాడు. వద్దన్నప్పుడు నొచ్చుకోనివాడు మనవాడు. వద్దన్నవారి కోసం మరొక గిన్నె సిద్ధం చేసి పెట్టేవాడు మనవాడు. మనిషికి ఆకలి తిరిగి రావడానికి రుచి ఎంత కారణమో, ఆ నమ్మకమూ అంతే కారణమని నా అనుభవం.

నాన్న డిసెంబరులో ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు. బరువు రెండు కిలోలు పెరిగారు. అందులో గొర్గొంజోలా వాటా ఏమీ లేదు.

మీరు ఎప్పుడైనా డోల్చె తెచ్చి ఎవరికైనా పెడితే, అరగంట ముందు ఫ్రిజ్ నుండి తీయండి, పెంకు ఒలవండి, పియర్ పండిందో లేదో నొక్కి చూడండి. పళ్ళెం చేతికిచ్చే ముందు అందులో ఏముందో ఒక్క వాక్యంలో చెప్పండి. శాకాహారులు ఉంటే ముందురోజు రాత్రే గుడ్డలో మస్కర్పోనె మూట కట్టి ఉంచండి.